విశాఖ నుంచి హైదరాబాద్‌కి: తలకెంత పొగ?

హైదరాబాద్ ప్రయాణానికి రేటింగులు ఇచ్చేవాళ్లు సాధారణంగా చూసేది టికెట్ ధర, టైము, దుప్పటి ఉతికిందా లేదా అని. ఇక్కడ కొలబద్ద వేరు. ఒక మనిషిని వైజాగ్ నుంచి అక్కడికి చేర్చడానికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందన్నదే లెక్క. విజయవాడ మీదుగా రోడ్డు 620 కి.మీ. పైచిలుకు, వందే భారత్ దారి 699 కి.మీ., విమానానికి తిన్నగా 500 చిల్లర.

ఈ లెక్కకి నాలుగు అంకెలు చాలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, లీటరు డీజిల్‌కి 2.7, కిలో విమాన ఇంధనానికి 3.16, మన గ్రిడ్ నుంచి తీసుకున్న ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.72. ముప్పావు కిలో తూగే లీటరు పెట్రోలు నుంచి రెండు కిలోల పైన పొగ ఎలా వస్తుందని అనుమానం వద్దు, మిగతా బరువు గాలిలోంచి కలిసే ఆక్సిజన్‌ది. మల్కాపురం రిఫైనరీలో ముడిచమురు శుద్ధి చేయడానికి అయ్యేదీ, ట్యాంకర్ల ఖర్చూ ఇందులో కలపలేదు. కింద చెప్పే తలసరి అంకెలన్నీ ఈ నాలుగింటితో వేసిన అంచనాలే. బండి కండిషన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

అందరూ విమానాన్నే తిడతారు గానీ, మార్కుల్లో అన్నిటికన్నా అడుగున ఉన్నది ఒక్కరే కూర్చుని వెళ్లే పెట్రోలు కారు. లీటరుకి 16 కి.మీ. ఇచ్చే బండికి 39 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు 90 కిలోలు. ఎక్స్‌ప్రెస్ దారి కదా అని 80 దాటించి 110లో తోలితే గాలి అడ్డు పెరిగి మైలేజీ 13కి పడిపోతుంది, అప్పుడు 110 కిలోలు. ఇద్దరైతే 45, నలుగురైతే 22. కాబట్టి కారుకి మార్కులు వేయాల్సింది మోడల్ చూసి కాదు, వెనక సీటు చూసి.

విమానం సంగతి. 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320 నియో ఈ దూరానికి రెండు, రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది. నూట అరవై మంది ఎక్కితే తలకి 40 నుంచి 50 కిలోలు. ఇంత చిన్న దారికి ఇంత ఎందుకంటే, టేకాఫ్ నుంచి పైకెక్కేదాకానే ఇంజిన్లు ఎక్కువ తాగుతాయి. ఈ రూట్లో పైకెక్కి నిలదొక్కుకునేసరికే దిగే వేళవుతుంది, పొదుపుగా సాగే మధ్య భాగం చాలా తక్కువ. దీనికి రెండు చివరలా క్యాబ్ కలపాలి. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి నలభై కి.మీ. డీజిల్ క్యాబ్‌లో ఒంటరిగా వెళ్తే ఆరు కిలోలు. వందే భారత్‌లో ఒక మనిషి వైజాగ్ నుంచి సికింద్రాబాద్ దాకా వెళ్లడానికి అయ్యేదీ ఇంచుమించు అంతే! విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరితే ఇటు చివర కూడా మరో ఆరు పడుతుంది. పదికి రెండు మార్కులు.

ఎలక్ట్రిక్ కారు మీద చాలామందికి ఉన్న నమ్మకాన్ని ఈ హైవే కాస్త దెబ్బ తీస్తుంది. హైవే వేగంలో యూనిట్‌కి ఆరు కి.మీ. వస్తే 103 యూనిట్లు, చార్జింగ్‌లో పోయేది కలిపితే 115. అంటే 83 కిలోలు, ఒంటరి పెట్రోలు కారుకి ఒక అడుగు ముందు, అంతే. కారణం బండి కాదు, కరెంటు. పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటు బొగ్గు మీదే నడుస్తోంది, అక్కడి రిజర్వాయర్ మీద తేలే 25 మెగావాట్ల సోలార్ పలకలు దాని ముందు ఏపాటి? అదే బండి వైజాగ్‌లోనే మద్దిలపాలెం, గాజువాక ట్రాఫిక్‌లో తిరిగితే కథ మారుతుంది. సిగ్నళ్ల దగ్గర పెట్రోలు బండి ఊరికే తాగుతుంది, బ్యాటరీ బండి బ్రేకు వేసినప్పుడల్లా కొంత వెనక్కి లాక్కుంటుంది. సిటీలో దాదాపు సగం ఆదా. ఊళ్లో కొనండి, హైదరాబాద్‌కి మాత్రం స్టేషన్‌లో పార్క్ చేయండి.

బస్సుల్లో తేడా ఎక్కువ, ఎవరూ చెప్పని తేడా కూడా. మల్టీ యాక్సిల్ ఏసీ బస్సు లీటరుకి మూడున్నర కి.మీ. ఇస్తుంది. అంటే 180 లీటర్లు, 480 కిలోలు. ఇదే చాసిస్ మీద యాభైకి అటూ ఇటూగా సీట్లు వేస్తే తలకి పది కిలోలు, 36 బెర్తులు వేస్తే 13. ఆ స్లీపర్‌లో మంగళవారం రాత్రి పద్దెనిమిది మందే ఉంటే 27, అంటే నలుగురున్న కారు కన్నా ఎక్కువ. పడుకోవడానికి తీసుకున్న చోటుకే ఈ ఖర్చు. ఆర్టీసీ నాన్ ఏసీ సూపర్ లగ్జరీ లీటరుకి ఐదు కి.మీ. దాకా లాగుతుంది, ముప్పై అయిదు మంది నిండితే తలకి తొమ్మిదిన్నర. మే నెలలో తుని దాటేసరికి చెమటతో తడిసిపోతారు, అది వేరే మాట. పదికి ఏడు.

బస్సు లెక్క చెడేది రెండు చోట్ల. ఒకటి, పికప్ పాయింట్లలో ఏసీ ఆన్ చేసి ఇంజిన్ ఆపకుండా నిలబెట్టడం. అరగంట నిలబడితే లీటర్ల కొద్దీ డీజిల్ ఖర్చు, ఒక్క అడుగు ముందుకు పడదు. రెండోది అటు చివర. ఉదయం ఎనిమిదింటికి మియాపూర్ దాకా బస్సులోనే కూర్చోకండి. ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో రెడ్ లైన్ ఎక్కితే తిన్నగా మియాపూర్, ట్రాఫిక్‌లో గంటా మిగులుతుంది.

ఇక రైలు. వందే భారత్ 2023 సంక్రాంతి రోజున మొదలైంది. ఇప్పుడు 20 కోచ్‌లు, 1440 సీట్లు. అన్ని కోచ్‌లూ బరువు తక్కువ, బ్రేకు వేస్తే పుట్టే కరెంటు తీగలోకి తిరిగి పోతుంది. ఒక ట్రిప్పుకి పది పన్నెండు వేల యూనిట్లు పడుతుందని లెక్క, సీట్లన్నీ నిండితే తలకి ఐదారు కిలోలు. ఎగ్జిక్యూటివ్ తీసుకుంటే ఒక కోచ్‌లో 78 బదులు 52 మందే కూర్చుంటారు, కాబట్టి ఒకటిన్నర రెట్లు. ఛైర్ కార్‌కి పదికి తొమ్మిదిన్నర.

రాత్రి రైళ్లలో ఈ క్లాసుల తేడా ఇంకా పెద్దది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం కోచ్‌ల బరువులో క్లాసుని బట్టి పెద్ద తేడా ఉండదు, లోపల ఎంతమందిని పడుకోబెట్టారన్నదే తేడా. స్లీపర్‌లో 80, థర్డ్ ఏసీలో 72, సెకండ్ ఏసీలో యాభై చిల్లర, ఫస్ట్ ఏసీలో 24. స్లీపర్ ప్రయాణికుడికి ఏడు కిలోలు పడితే థర్డ్ ఏసీకి ఎనిమిది, సెకండ్ ఏసీకి పదకొండు, ఫస్ట్ ఏసీకి ఇరవై మూడు. నలుగురెక్కిన కారుతో సమానం! ఇంకో మంచి మార్పు, ఒకప్పుడు ఎల్‌హెచ్‌బీ రైలుకి రెండు కొసలా డీజిల్ జనరేటర్ డబ్బాలు హోరెత్తించేవి. ఇప్పుడు లైట్లకీ ఏసీలకీ కూడా కరెంటు పై తీగ నుంచి ఇంజిన్ ద్వారానే వస్తోంది.

గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు గోదావరి, జన్మభూమి లాంటి రైళ్లని దగ్గర్లోని దువ్వాడ స్టేషన్‌లోనే పట్టుకోవచ్చు. వైజాగ్ స్టేషన్ దాకా వెనక్కి క్యాబ్‌లో వెళ్తే రెండు మూడు కిలోలు అక్కడే వదిలేసినట్టు. తెల్లారకుండా కదిలే వందే భారత్‌కి ఆటో తప్పదు కాబట్టి పక్క వీధి వాళ్లతో పంచుకోవడమే దారి.

"మనం ఎక్కినా ఎక్కకపోయినా విమానం ఎగిరేదే కదా" అనే వాదన ఒకటి ఉంది. ఇవాళ్టికి నిజమే. కానీ వచ్చే సీజన్‌కి ఎన్ని సర్వీసులు వేయాలో తేల్చేది ఈ సీజన్‌లో నిండిన సీట్లే. కారుకి ఆ సాకు కూడా లేదు, మీరు తాళం తిప్పకపోతే అది కదలదు.

సంక్రాంతికి మాత్రం ఈ లెక్కలన్నీ తిరగేయాలి. హైదరాబాద్ నుంచి నిండా వచ్చే స్పెషల్ బస్సులు పండగ ముందు ఖాళీగా వెనక్కి పోతాయి, ఆ ఖాళీ డీజిల్ కూడా వచ్చినవాళ్ల ఖాతాలోదే. పదనుకున్నది ఇరవై అవుతుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి, జనవరి 12 ప్రయాణానికి నవంబర్ 13 ఉదయం ఎనిమిదింటికి ఫోను చేతిలో ఉండాలి.