యాభై దాకా లెక్కపెట్టు: సూళ్లూరుపేట, శ్రీహరికోట ప్రయాణం

శ్రీహరికోటలో రాకెట్ చూడ్డానికి పోతున్నామని ఎవరైనా చెబితే, ప్రయోగం ఎన్ని గంటలకని నేను ముందు అడుగుతాను. పాసు సంగతి తర్వాత. ప్రయోగ వేదికలు తూర్పున సముద్రపు ఒడ్డున ఉంటాయి, చూసే జనమంతా పడమటి వైపు. పొద్దున పూట ప్రయోగమైతే సూర్యుడు సూటిగా కళ్లలోకి కొడతాడు. ఇది నాకు పదమూడేళ్ల వయసులో, 1980 జూలై 18న, పులికాట్ సరస్సు గట్టు మీద నిలబడినప్పుడు తెలిసింది.

ఆ ఏడు జూన్‌లోనే నన్ను చదువుకోమని సూళ్లూరుపేటలో మా మేనమామ ఇంట్లో పెట్టారు. మామకు బజారులో చిల్లర అంగడి. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో పనిచేసేవాళ్లు, కాంట్రాక్టు కూలీలు అక్కడే సరుకులు కొనేవాళ్లు కాబట్టి రాకెట్ కబుర్లు మాకు పప్పులూ ఉప్పులతో పాటే వచ్చేవి. అంగడికి వచ్చేవాళ్లలో ఆ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి మీద ఊళ్లు ఖాళీ చేసి ఇవతలికి వచ్చిన కుటుంబాల వాళ్లూ ఉండేవాళ్లు. వాళ్లు రాకెట్ గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు. తమ చెట్ల గురించి మాట్లాడేవాళ్లు.

ఆ పొద్దున మామ నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని తూర్పు దారిలో సరస్సు అంచు దాకా తీసుకెళ్లాడు. అప్పటికే యాభై అరవై మంది గుమిగూడి ఉన్నారు. ఎండాకాలం వానల్లేక నీళ్లు వెనక్కి పోయి ఒడ్డంతా తెల్లటి ఉప్పు బురద. ఎనిమిది దాటింది. ఎవరో "అదిగో" అన్నారు. చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తే, సూర్యుడికి కాస్త పక్కగా ఒక నిప్పు చుక్క, దాని కింద దారంలా తెల్లటి పొగ. శబ్దం లేదు. నిప్పు అంత ఎత్తుకు పోతుంటే శబ్దం ఎందుకు రాదని అడిగాను. మామ నా భుజం పట్టుకుని, "యాభై దాకా లెక్కపెట్టు అబ్బయా, అప్పుడొస్తాది" అన్నాడు. పెట్టాను. నలభై ఎనిమిదో, నలభై తొమ్మిదో, ఉరుము లాంటిది దూరం నుంచి నేల మీదుగా పాక్కుంటూ వచ్చింది. అప్పటికి రాకెట్ కనిపించడం లేదు, పొగ గాలికి వంకర్లు పోతోంది.

శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, మేం నిలబడిన చోటికి వేదిక పదిహేడు కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. ఆ భాగహారం తర్వాత బడిలో నేర్చుకున్నాను. మామ మాత్రం ముందు ఏడు అనుభవంతో చెప్పాడు.

జనం చప్పట్లు కొట్టబోతే ఆయన ఆపాడు. "పోయినేడూ ఇట్టాగే పైకి పోయింది. రేడియో చెప్పిందాకా కొట్టబాకండి" అన్నాడు. 1979 ఆగస్టు 10న మన సొంత రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం కూడా చూసేవాళ్లకు బ్రహ్మాండంగా లేచింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వచ్చి, 317 సెకన్లలో కథ ముగిసి బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు గట్టు మీద చప్పట్లు కొట్టి, సాయంత్రానికి ఆ మాట విన్నవాళ్లలో మామ ఒకడు. అది కూడా శుక్రవారమే, ఇదీ శుక్రవారమే. అత్త ఆ రోజంతా ఊరి అమ్మవారు చెంగాళమ్మ పేరే తలుచుకుంటూ ఉంది.

సాయంత్రం అంగడి ముందు ముప్పై మంది రేడియో చుట్టూ నిలబడ్డారు. రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని పంపిన కొద్ది దేశాల్లో మనదీ ఒకటైంది. అప్పుడు కొట్టాడు మామ చప్పట్లు, ఆగకుండా, బెల్లం అంటిన చేతులతో. ఆ ఉపగ్రహం బరువు 35 కిలోలు. బడిలో తూకం వేసినప్పుడు నేనూ దాదాపు అంతే ఉండేవాణ్ని. నా అంత బరువును ఆకాశంలోకి పంపారని నెల రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను. ఆ ప్రాజెక్టును నడిపించింది ఏపీజే అబ్దుల్ కలాం అని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. 1979లో విఫలమైనప్పుడు విలేకరుల ముందు తాను నిలబడిన అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్, ఈసారి గెలుపు చెప్పే పని కలాంకు అప్పగించారని చదివినప్పుడు నాకు మామే గుర్తొచ్చాడు.

ఇక 2023 ప్రయాణం. జూలై 14న చంద్రయాన్-3 ప్రయోగం, మధ్యాహ్నం 2.35కి. చిత్రంగా అదీ శుక్రవారమే. మా అక్క మనవడు, పన్నెండేళ్లవాడు, వెళ్దామని పట్టుబట్టాడు. మధ్యాహ్నం కాబట్టి సూర్యుడు నడినెత్తి దాటి పడమటికి వాలి ఉంటాడు, కళ్లకు ఇబ్బంది లేదని నేను వెంటనే సరేనన్నాను.

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో నెల్లూరు దిగి, అక్కణ్నుంచి బస్సులో జాతీయ రహదారి మీద దక్షిణంగా సూళ్లూరుపేట వెళ్లాం. మళ్లీ వెళ్లినా ఇలాగే వెళ్తాను. చెన్నై మీదుగా వచ్చేవాళ్లకైతే ఇంకా తేలిక, అక్కణ్నుంచి ఎనభై కిలోమీటర్లు, లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి.

బస విషయంలో మేం తప్పు చేశాం. మీరు చేయకండి. ఊళ్లోనే ఉంటే పొద్దున్నే తేలికని ఒక లాడ్జిలో ఫోన్ మీద గది మాట్లాడుకున్నాం. తీరా వెళ్తే చెప్పిన అద్దెకు రెండింతలు అడిగారు, రేపు ప్రయోగం కదా అన్నారు. గదిలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు, బాత్రూంలో నీళ్లు సన్నగా దారంలా. బయటి ఊరి నుంచి పిల్లలతో వచ్చిన ఇంకో కుటుంబాన్ని అదే రాత్రి గది లేదని వెనక్కి పంపేశారు. వాళ్లూ ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లే. దేశం చంద్రుడి మీదికి పోయే రోజున పిల్లల్ని వీధిలో నిలబెట్టడం నాకు మనసుకు చాలా కష్టమనిపించింది. మామ అంగడి ఉన్న బజారులో ఇలా జరిగిందని మరీ ఎక్కువ బాధ.

అందుకని నా సలహా: బస నెల్లూరులో పెట్టుకోండి. గంటన్నర, రెండు గంటల ప్రయాణం ఎక్కువైనా మంచి హోటళ్లు, మంచి తిండి, ధరలు ప్రయోగాన్ని బట్టి మారవు. నాయుడుపేట ఇంకాస్త దగ్గర. దక్షిణాన తడ పక్కన శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఉంది. అక్కడి హోటళ్లు కంపెనీల పనిమీద వచ్చేవాళ్ల కోసం కట్టినవి, శుభ్రంగా ఉంటాయి, కానీ ఊరి రుచి ఏమీ ఉండదు.

తిండి మాత్రం సూళ్లూరుపేటలోనే తినాలి. పొద్దున కారం దోశ, మధ్యాహ్నం మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు. మెస్సులో వడ్డించినాయన మావాడి విస్తరిలో అడక్కుండానే రెండో ముక్క వేసి, "రాకెట్ చూసేవాడు గట్టిగా తినాల" అన్నాడు. లాడ్జి చేదు ఆ ముక్కతో సగం పోయింది.

తినకముందే చెంగాళమ్మ గుడికి వెళ్లాం. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. ఈ గుడికి తలుపులు మూయరు, రాత్రి ఏ వేళకు వెళ్లినా అమ్మవారు కనిపిస్తుంది. ప్రయోగానికి ముందు ఇస్రో అధ్యక్షులు ఇక్కడికి వచ్చి పూజ చేయించడం ఆనవాయితీ. శాస్త్రవేత్తలకు గుడెందుకని మావాడు అడిగాడు. మా అత్త ఆ రోజుల్లో ఎలా కూర్చునేదో చెప్పాను. వాడు ఇంకేం అడగలేదు, దండం పెట్టుకున్నాడు.

ఇక జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ గురించి. 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్‌వీ-సీ45 రాకెట్ ప్రయోగంతో మామూలు జనానికి దీన్ని తెరిచారు. ఐదు వేల మంది పట్టేలా మెట్లు మెట్లుగా కట్టారు. పాసు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పెద్ద ప్రయోగాలకు నమోదు తెరిచిన కాసేపటికే నిండిపోతుంది, కాబట్టి ప్రకటన రాగానే కాచుకుని ఉండాలి. గుర్తింపు కార్డు తప్పనిసరి. లోపల క్రమశిక్షణ బాగుంది, తనిఖీ చేసిన భద్రతా సిబ్బంది పిల్లలతో ఓపిగ్గా మాట్లాడారు. మాకు రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. ఎండలోనే కూర్చోవాలి, నీళ్ల దగ్గర పెద్ద వరుస. టోపీ, గొడుగు, నీళ్లు మీవి మీరు తీసుకెళ్లండి, లోపలికి ఏవి అనుమతిస్తారో ముందే చూసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే కింది మెట్ల మీదే కూర్చోబెట్టండి.

సూళ్లూరుపేట నుంచి దీవికి పోయే దారి సరస్సు మధ్య నుంచి పోతుంది. ఆ దారి కోసమైనా వెళ్లవచ్చు. కానీ జూలైలో పక్షులు ఉంటాయనుకోకండి. నీళ్లు ఇంకిపోయి రెండు వైపులా ఉప్పు నేల. రాజహంసలు, దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చూడాలంటే అక్టోబర్ తర్వాతే, సంక్రాంతి ముందూ వెనకా అయితే ఇంకా మంచిది. శీతాకాలంలో సాయంత్రం లేదా రాత్రి ప్రయోగం పడితే ఆ ప్రయాణం అన్నిటికంటే మేలు: పొద్దున పక్షులు, చీకటి పడ్డాక నిప్పు.

2.35 దగ్గరపడే కొద్దీ వేల గొంతులు ఒక్కటై అంకెలు వెనక్కి లెక్కపెట్టాయి. సున్నా అనగానే చెట్ల వరుస వెనక నుంచి లేచింది. చిన్నప్పుడు నేను చూసిన ఎస్ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. ఇది 43.5 మీటర్లు, 640 టన్నులు. మొదటి దానిలో నా అంత బరువు పోయింది, దీనిలో 3,900 కిలోలు. అంకెలు నాకు ముందే కంఠతా వచ్చు, అయినా ఆ వెలుగు చూసినప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు పక్కలా రెండు పెద్ద ఘన ఇంధన మోటార్లు ఒకేసారి మండుతుంటే పట్టపగలు కూడా కళ్లు చికిలించాల్సి వచ్చింది. శబ్దం ఇంకా రాలేదు. మావాడి భుజం పట్టుకుని, "ఇరవై దాకా లెక్కపెట్టు" అన్నాను. గ్యాలరీ నుంచి వేదిక ఆరేడు కిలోమీటర్లే. పద్దెనిమిది దగ్గర వాడు లెక్క ఆపేశాడు. శబ్దం చెవుల్లోకి కాదు, ఛాతీలోకి వచ్చింది. మెట్లు అదిరాయి. నా చిన్నప్పటి ఉరుము దూరపు చుట్టం, ఇది ఇంట్లోకే వచ్చేసింది.

అందరూ చప్పట్లు. మావాడూ కొట్టాడు. నా చేతులు మాత్రం లేవలేదు. మొదటి చంద్రయాన్ చంద్రుడి చుట్టూ తిరిగింది గానీ, 2019లో చంద్రయాన్-2 ల్యాండర్‌ను చివరి నిమిషాల్లో పోగొట్టుకున్నాం, సెప్టెంబర్ 7 తెల్లవారుజామున నేను టీవీ ముందే ఉన్నాను. పదహారు నిమిషాలకు ఉపగ్రహం వేరుపడిందని పెద్ద తెర మీద చెప్పారు. మళ్లీ చప్పట్లు. "తాతా, నువ్వెందుకు కొట్టలేదు?" అని వాడు అడిగాడు. మామ మాట చెప్పాను. "మరి ఎప్పుడు కొడతావు?" అంటే, చంద్రుడి మీద దిగినప్పుడన్నాను. వాడు సీరియస్‌గా తలూపి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం గంటలకొద్దీ. కార్లు, బస్సులు, స్కూలు పిల్లల వ్యాన్లు ఒకే దారిలో ఇరుక్కుపోయాయి. ఆటోవాళ్లు వచ్చేటప్పటి కంటే రెట్టింపు అడిగారు, ఇచ్చాం. తొందరపడి రైలు టికెట్టు ఆ సాయంత్రానికి పెట్టుకుంటే తప్పిపోతుంది. రాత్రికి, కుదిరితే మర్నాటికి పెట్టుకోండి.

పాసు దొరకని వాళ్లు దిగులు పడొద్దు. సూళ్లూరుపేట వైపు సరస్సు అంచు నుంచి ఈనాటి పెద్ద రాకెట్లు బాగా కనిపిస్తాయి. పోలీసులు ఎక్కడ ఆపుతారో అక్కడే నిలబడండి. మర్నాడు పొద్దున మేం అక్కడికే వెళ్లాం. గట్టు మారిపోయింది, మామ సైకిల్ ఆనించిన చెట్టు లేదు. రెండు పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. మావాడు తూర్పుకు తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "తాతా, నిజంగానే సూర్యుడు కళ్లలోకే కొడుతున్నాడు" అన్నాడు.

ఆగస్టు 23న వాడు వాళ్లింట్లో ఉన్నాడు, నేను మా ఇంట్లో. సాయంత్రం 6.04కి చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. టీవీలో జనం లేచి నిలబడుతుండగానే ఫోన్ మోగింది. ఎత్తాను. అవతలి నుంచి మాట లేదు, చప్పట్లు మాత్రమే వినిపిస్తున్నాయి. ఫోన్ బల్ల మీద పెట్టి నేనూ కొట్టాను.