బెలుం ప్యాకేజీలో ‘నేచురల్ హిస్టరీ మ్యూజియం’ అని ఉంటే జాగ్రత్త

సెలవులకు పిల్లలతో కర్నూలు వచ్చి, ఇక్కడి నుంచి వ్యాన్ మాట్లాడుకుని ఓర్వకల్లు, యాగంటి, బెలుం గుహలు తిరగాలనుకునేవాళ్ళు దయచేసి ఇది చదవండి. మాకు అమ్మిన ప్యాకేజీలో ఈ మూడింటితో పాటు ‘నేచురల్ హిస్టరీ మ్యూజియం’ అని ఒకటి కలిపారు. మనిషికి 1,800 రూపాయలు. పిల్లలకు తగ్గించమంటే, మ్యూజియం టికెట్ కూడా ఇందులోనే కదా సార్ అన్నారు. అది మ్యూజియం కాదు. రాళ్ళు అమ్మే దుకాణం.

బనగానపల్లె దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు ముందు వ్యాన్ ఆపారు. లోపల ఫైబర్‌తో చేసిన డైనోసార్ బొమ్మ ఒకటి, గోడకు నాలుగు చార్టులు. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో, ఎవరు గుర్తించారో చెప్పే చీటీ ఒక్కటీ లేదు. పది నిమిషాల్లో చూడటం అయిపోయింది. బయటికి రావాలంటే మాత్రం అమ్మకం గది గుండానే రావాలి. అక్కడ గంటకు పైగా కూర్చోబెట్టారు. ఆ గంట బెలుంలో కోత పడింది. 3,229 మీటర్ల గుహ అది, అందులో సుమారు కిలోమీటరున్నర మనం నడిచి చూడొచ్చు. మమ్మల్ని గుహలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ దాకా కూడా పోనివ్వకుండా, టైం అయిపోయిందని డ్రైవర్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

ఇక అక్కడ అమ్మేవాటి సంగతి. కోడిగుడ్డు కంటే కొంచెం పెద్దదైన నున్నటి రాయి చూపించి, “ఇది డైనోసార్ గుడ్డు సార్, బెలుం దగ్గర్నే దొరికింది” అని 4,500 చెప్పారు. మా అబ్బాయి దాన్ని నిజమని నమ్మి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. పిల్లలకు అబద్ధం నేర్పడమే కదా ఇది? మన కడప, కర్నూలు ప్రాంతంలోని సున్నపురాతి పొరలు డైనోసార్ల కంటే ఎంతో పాతవి. కడప వైపు అడుగు పొరల వయసు 180 కోట్ల ఏళ్ళు పైమాటే. డైనోసార్లు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట. ఈ పొరలు ఏర్పడిన కాలానికి భూమ్మీద ఎముకలున్న జంతువే లేదు, ఇక గుడ్డెక్కడిది? మన దేశంలో డైనోసార్ గుడ్లు నిజంగా దొరికాయి. అయితే అవి గుజరాత్‌లోని రైయోలి, మధ్యప్రదేశ్‌లోని నర్మదా లోయ లాంటి చోట్ల.

రెండోది ‘ఆకు శిలాజం’. పలుచటి నాపరాయి మీద నల్లగా, చెట్టు కొమ్మల్లా గీతలుంటాయి. చూడటానికి ఎంత అందంగా ఉంటుందంటే నమ్మకుండా ఉండలేం. కానీ అది మొక్క కాదు. రాతి పొరల సందుల్లోకి మాంగనీస్, ఇనుము కలిసిన నీళ్ళు దిగి, అలా పాయలు పాయలుగా పేరుకున్న మరక. నాపరాళ్ళు పరిచిన ఇళ్ళల్లో వెతికితే ఇలాంటివి కనబడతాయి. దానికి 900 రూపాయలు అడుగుతున్నారు.

మూడోది గుహలో వేలాడే రాతి ముక్కలు, ‘బెలుం ఒరిజినల్’ అంటూ. నీటి బొట్టు బొట్టుగా సున్నం పేరుకుని అది జానెడు పెరగడానికి వందల, వేల ఏళ్ళు పడుతుంది. ఆ ముక్క అసలుదైతే గుహలో విరగ్గొట్టి తెచ్చినట్టు, నకిలీదైతే మనల్ని మోసం చేసినట్టు. ఎలా చూసినా కొనకూడదు.

అన్నిటికంటే భయపడాల్సింది జింక కొమ్ములతో. అడవిలో వాటంతట అవే రాలినవి, ఏం కాదు అంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి వ్యాపారం నేరం. రాలినవైనా సరే. చెక్‌పోస్టు దగ్గర బ్యాగు తెరిస్తే ఇరుక్కునేది కొన్నవాళ్ళే. మా వ్యాన్‌లోనే ఒక పెద్దాయన గోడకు తగిలిద్దామని బేరం ఆడుతుంటే, చట్టం సంగతి చెప్పి ఆపేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఇలాంటి కట్టుకథలు మన ప్రాంతానికి అవసరమే లేదు. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో 1884 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు తవ్వకాలు చేసి ప్రాచీన జంతువుల ఎముకలు బయటికి తీశారు. రాయి పాతదే అయినా, గుహల్లో చేరిన మట్టి చాలా తర్వాతిది, ఎముకలు దొరికింది ఆ మట్టిలో. వాటిలోని ఒక ఖడ్గమృగానికి మన ఊరి పేరే పెట్టారు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా వదిలిన గుర్తులున్నాయి, స్ట్రోమటోలైట్లు అంటారు. అవి అసలైన శిలాజాలు. ఆ షెడ్డులోని ఒక్క చార్టు మీద కూడా ఈ మాటలు లేవు.

పిల్లలకు నిజంగా చూపించాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది, మన తెలుగు నేల మీద యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. మైసూరు వైపు వెళ్ళేవాళ్ళకు కారంజి చెరువు పక్కనే ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉంది. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.

మాకు బిల్లు ఇవ్వలేదు, ‘ప్యాకేజీ’ అని రాసిన చీటీ ఇచ్చారు. ఆ చీటీ, ఫోన్‌పే రసీదు, వాళ్ళు పంపిన పాంప్లెట్ ఫొటో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు ఇంకా రాలేదు. ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీకి అడ్వాన్సు కట్టినవాళ్ళుంటే, ఆ మ్యూజియం పేరేంటి, ఎవరు నడుపుతున్నారు, టికెట్ ఎంత, బెలుంలో ఎంతసేపు ఆపుతారు అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. రాయనంటే మిగతా డబ్బు కట్టకండి.