ఇంటి లాన్‌లో మల్టీప్లేయర్ గేమ్స్: నాలుగేళ్ల వాడకంలో నిలిచినవి, తీసేసినవి

లాన్ అంటే ఇంట్లో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్. ఇది గ్రాఫిక్స్ చూసి మార్కులేసే సమీక్ష కాదు. ఇల్లు మునుగోడు వైపు ఊళ్లో, రెండంతస్తుల స్లాబు. మిషన్లు నాలుగు: 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్ ఒకటి, ఐ3 ల్యాప్‌టాప్‌లు రెండు, నాలుగు జీబీ ర్యామ్‌తో నడిచే కోర్ 2 డుయో ముసలిది ఒకటి. దసరాకు, సంక్రాంతికి ఇల్లు నిండితే వీటి దగ్గరే లొల్లి. ఏ గేమ్ పెట్టినా చూసేది ఒక్కటే: ముసలి మిషన్ మీద కూడా ఆడుతుందా, నెట్ పోయినా, కరెంటు పోయొచ్చినా ఆట ఆగకుండా సాగుతుందా?

పేరు పక్కన మల్టీప్లేయర్ అని ఉన్నంత మాత్రాన లాన్‌లో ఆడనిస్తుందని కాదు. స్టార్‌క్రాఫ్ట్ 2 (2010) లాన్ లేకుండానే వచ్చింది. వాలరెంట్‌లో ఒకే మంచం మీద కూర్చున్న ఇద్దరూ కంపెనీ సర్వర్ దాకా పోయి రావాల్సిందే. గేములు అమ్మే స్టీమ్‌లో కొనేముందు పేజీ పక్కన ‘లాన్ పీవీపీ’ (ఒకరి మీద ఒకరు ఆడేది) లేదా ‘లాన్ కో-ఆప్’ (కలిసి ఆడేది) అని ఉందో లేదో చూడండి. కొన్నాక, నెట్ ఉన్నప్పుడే ప్రతి మిషన్‌లో గేమ్‌ని ఒకసారి తెరిచి, అప్‌డేట్ ముగించి, ఆ తర్వాతే ఆఫ్‌లైన్ మోడ్‌లోకి పోవాలి. ఈ పని మరిచిపోతే పండగ పూట నెట్ పోయిందంటే అంతే సంగతులు. 2023 నుంచి స్టీమ్ ఒక మిషన్‌లో ఉన్న గేమ్‌ని లాన్ మీదుగా ఇంకో మిషన్‌కి పంపుతోంది, డౌన్‌లోడ్స్ సెట్టింగుల్లో ఆన్ చేసుకోండి. 20 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ స్విచ్ (మిషన్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) మీద అరగంట లోపు పోతుంది, గిగాబిట్ అయితే మూడు నాలుగు నిమిషాలు. ఆటకు మాత్రం గిగాబిట్ అక్కర్లేదు. ఆడేటప్పుడు తీగలో పోయే డేటా చాలా కొంచెం.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేవి స్ట్రాటజీ గేమ్స్. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 (1999), ఉచితంగా దొరికే జీరో ఏడీ రెండూ ఒకే పద్ధతిలో నడుస్తాయి: తీగలో పోయేది ఆటగాళ్ల ఆజ్ఞలే, యుద్ధం లెక్కంతా ప్రతి మిషన్ సొంతంగా చేసుకుంటుంది. అందుకే ఒక్క మిషన్ వెనకబడితే మిగతావన్నీ దాని కోసం ఆగుతాయి. జీరో ఏడీలో మౌర్యుల ఏనుగులు బారులు తీరాయంటే ముసలి మిషన్ మొరాయిస్తుంది, నలుగురి ఆటా నత్తనడక పడుతుంది. నెట్‌వర్క్ స్లో అని రౌటర్‌ని తిట్టుకుంటారు గానీ తప్పు ప్రాసెసర్‌ది. మందు ఏంటంటే, ఆట పెట్టేటప్పుడే ఒక్కొక్కరికి జనాభా పరిమితి 100 పెట్టి, చిన్న మ్యాప్ తీసుకుని, ముసలిదాన్ని పక్కన పెట్టడం. వెర్షన్ కూడా అందరిదీ ఒకటే ఉండాలి, లేదంటే చేరనివ్వదు. ఒకే ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి అన్నిట్లో అదే వేయండి. జీరో ఏడీలో ఆట పెట్టినవాడు కాక వేరే ఎవరైనా మధ్యలో పడిపోయినా మళ్లీ అదే ఆటలోకి రానిస్తుంది, కరెంటు ఆడుకునే ఊళ్లకు ఇది మస్తు పనికొస్తుంది.

1999 నాటి ఏజ్‌లో ఆ సౌకర్యం లేదు. పడిపోయినోడు పడిపోయినట్టే. అరగంటకోసారి సేవ్ చేసి పెట్టుకుంటే, ఆ పాత ఆటగాళ్లంతా ఉన్నప్పుడు అక్కణ్నుంచి ఎత్తుకోవచ్చు. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, విండోస్ ఫీచర్స్‌లో ‘లెగసీ కాంపోనెంట్స్’ కింద, పాత గేమ్స్ నెట్‌వర్క్‌లో ఆడేందుకు వాడుకునే డైరెక్ట్‌ప్లేకి టిక్ పెట్టాలి. ముసలి మిషన్ మీద మాత్రం హాయిగా నడుస్తుంది.

కౌంటర్-స్ట్రైక్ 1.6 గురించి కొత్తగా చెప్పేదేముంది, ఏ డొక్కు మిషన్‌లోనైనా ఆడుతుంది. చిక్కంతా ఆటగాళ్ల మధ్య తేడాతోనే. ఇంటర్నెట్ సెంటర్ల కాలం నుంచి ఆడుతున్న బావ ఒకవైపు, ఆరో తరగతి పోరడు ఇంకోవైపు ఉంటే పది నిమిషాల్లో పోరడు అలిగి లేస్తాడు. 1.6లో బాట్లు, అంటే కంప్యూటరే నడిపే ఆటగాళ్లు, లేవు. కండిషన్ జీరో (2004)లో ఉన్నాయి. మనుషులంతా ఒకవైపు, బాట్లు ఇంకోవైపు పెడితే ఇంట్లో ఏడుపులుండవు. నలుగురికి డస్ట్2 మరీ పెద్ద మ్యాప్, వెతుక్కోవడానికే టైమంతా పోతుంది.

చిన్నపిల్లలకైతే దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టుకునే లువాంటి, అంటే 2024 దాకా మైన్‌టెస్ట్ అనేవాళ్లే, అది. ఉచితం, అకౌంట్ గోల లేదు. ఒక మిషన్‌లో ‘హోస్ట్ సర్వర్’ టిక్ పెట్టి, మిగతావాళ్లు దాని ఐపీ, పోర్ట్ 30000 కొడితే చాలు. ఐదారు సెకన్లకోసారి మ్యాప్‌ని డిస్క్‌కి రాస్తుంది కాబట్టి కరెంటు పోయినా కట్టుకున్న ఇల్లు పోదు. రైళ్లు, బస్సులు తిప్పే కంపెనీ నడిపే ఓపెన్‌టీటీడీ పెద్దవాళ్ల ఆట, ఇద్దరు కలిసి ఒకే కంపెనీ నడుపుకోవచ్చు.

ఇక అందరూ అడిగే సంగతి: గేమ్ పెట్టాక పక్క మిషన్‌లో కనపడదు. ముందు మిషన్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని. రౌటర్ మీద ఆధారపడకుండా నాలుగిటికీ 192.168.1.11 నుంచి 14 వరకు, మాస్క్ 255.255.255.0 చేత్తో పెట్టేస్తే స్విచ్ ఒక్కటి ఆన్‌లో ఉంటే చాలు. ఆ నంబర్లు రౌటర్ వేరేవాటికి పంచకుండా అది పంచే అడ్రస్‌ల పరిధిని 100 నుంచి పెట్టండి. తర్వాత పింగ్ కొట్టండి, అంటే ఒక మిషన్ నుంచి ఇంకోదాన్ని పలకరించి జవాబు వస్తుందో చూడండి. జవాబు రాకపోతే ఎక్కువసార్లు విండోస్ ఆ నెట్‌వర్క్‌ని ‘పబ్లిక్’ అనుకుంటోందని, ‘ప్రైవేట్’కి మార్చండి. పింగ్ వస్తుంది, గేమ్ మాత్రం లిస్టులో లేదంటే వర్చువల్‌బాక్స్ లేదా వీపీఎన్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టిన దొంగ నెట్‌వర్క్ అడాప్టర్ మీద అనుమానపడాలి. పాత గేమ్ ‘ఎవరున్నారు’ అని వేసే కేక ఆ అడాప్టర్‌లోకి పోయి అక్కడే ఆగిపోతుంది. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో దాన్ని డిసేబుల్ చేసి గేమ్ మళ్లీ తెరవండి. వైఫైలో గెస్ట్ నెట్‌వర్క్‌కి కలిపి ఉంటే మిషన్లు ఒకదాన్నొకటి చూడవు, అది రౌటర్ కావాలని పెట్టిన అడ్డు.

కౌంటర్-స్ట్రైక్‌లా కాల్చుకునే గేమ్స్ వైఫై మీద వద్దు. తీగ మీద పింగ్ (జవాబు రావడానికి పట్టే టైము) ఒక మిల్లీసెకను లోపే ఉంటుంది. వైఫైలో మామూలుగా మూడు నాలుగు చూపించి, రెండు గోడలు దాటాక ఉన్నట్టుండి వందకు ఎగురుతుంది. చచ్చేది ఆ ఎగిరిన క్షణంలోనే. కేబుల్ కొనేటప్పుడు లోపల రాగేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చౌక రకం క్రింపు దగ్గర, అంటే కొసన కనెక్టర్ బిగించే చోట, విరుగుతుంది. గిగాబిట్ రావాల్సిన చోట 100 చూపిస్తుంటే కేబుల్ లోపలి ఎనిమిది తీగల్లో 4, 5, 7, 8లలో ఒకటి తెగి ఉండొచ్చు.

ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. యాసంగిలో మాత్రం ఈ మోడ్‌తో ఇంకో తంటా. బోరు మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుని వోల్టేజి 180 కిందికి దిగితే కరెంటున్నా బ్యాటరీ మీదికే పోతుంటుంది, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఆ రోజుల్లో డెస్క్‌టాప్‌కి విడిగా 600 వీఏ చిన్న యూపీఎస్ పెట్టి ఇన్వర్టర్‌ని నార్మల్ మోడ్‌కి తిప్పేయండి. స్విచ్, రౌటర్ ప్లగ్గులు కూడా ఆ చిన్న యూపీఎస్‌లోనే ఉండాలి. ల్యాప్‌టాప్‌లన్నీ వెలుగుతూ స్విచ్ ఒక్కటి ఆరిపోయినా ఆట పోయినట్టే.