వెండి వినైగ్రెట్ల కోసం లండన్, బర్మింగ్‌హామ్: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి

వినైగ్రెట్ అంటే సువాసన పీల్చడానికి వెంట ఉంచుకునే బుల్లి వెండి పెట్టె, కుంకుమ భరిణ కన్నా చిన్నది. మూత తీస్తే లోపలంతా బంగారు పూత, కీలు మీద లేచే చిల్లుల రేకు, దాని కింద స్పాంజి ముక్క. సుగంధ తైలాలు కలిపిన ఘాటు వెనిగర్‌లో స్పాంజిని తడిపి, వీధి కంపు భరించలేనప్పుడు ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఆ పూత సోకుకు వేసింది కాదు, ఆమ్లం వెండిని తినేయకుండా వేసింది.

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెండి గ్యాలరీలతో మొదలుపెట్టండి. ప్రవేశం ఉచితం. అద్దం వెనక వస్తువును తిప్పి చూడలేం కనుక కంటికి పనితనం అలవాటు కావడం వరకే లాభం. అందుకు ఒక పూట చాలు.

బర్మింగ్‌హామ్‌కు మాత్రం ఒక రాత్రి బస కేటాయించాలి. 1773లో అక్కడి ఫ్యాక్టరీ యజమాని మాథ్యూ బౌల్టన్ పట్టుదలతో, వెండి స్వచ్ఛత పరీక్షించి ముద్రలు వేసే కార్యాలయం వచ్చాక శామ్యూల్ పెంబర్టన్, జోసెఫ్ టేలర్, నథానియల్ మిల్స్ వంటివాళ్లు ఈ పెట్టెలకు పేరుపడ్డారు. స్నో హిల్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటే మేలు. రైలెక్కితే తర్వాతి స్టేషనే నగల తయారీదారుల పేట జ్యువెలరీ క్వార్టర్. ఆల్బియన్ స్ట్రీట్‌లోని జె. డబ్ల్యూ. ఎవాన్స్ ఫ్యాక్టరీకి గైడుతోనే ప్రవేశం, ముందే బుక్ చేసుకోవాలి. అది 1881 నాటిది, వినైగ్రెట్ల కాలం దాటాక పెట్టింది. అయినా వదలొద్దు. ఉక్కు అచ్చులో బొమ్మను తిరగేసి లోతుగా చెక్కడం, వెండి రేకు పరిచి పైనుంచి బరువు జారవిడిచి కొట్టడం అక్కడ అర్థమవుతాయి. మిల్స్ మూతల మీద విండ్సర్, వార్విక్ కోటలు ఉబ్బెత్తుగా లేచింది ఇలా అచ్చు కొట్టే పద్ధతిలోనే.

కొనడానికి లండన్ చాన్సరీ లేన్‌లో నేలమాళిగలోని వెండి దుకాణాల సముదాయం సిల్వర్ వాల్ట్స్ నయం. ఆదివారం మూసేస్తారు, శనివారం ఒంటిగంట వరకే. వీధి సంతలో బేరం కుదురుతుంది గానీ ఆ వెలుతురులో, తొక్కిడిలో పరీక్ష సాగదు.

పదింతల భూతద్దం వెంట ఉంచుకోండి. లంగరు (బర్మింగ్‌హామ్ గుర్తు), సింహం (వెండి స్వచ్ఛత గుర్తు), సంవత్సరాక్షరం (ముద్ర వేసిన ఏడాదిని తెలిపే అక్షరం), తయారీదారు ముద్ర వెతకండి. మూత మీదా, చిల్లుల రేకు మీదా కొన్ని ముద్రలైనా ఉండాలి, అవి అడుగు ముద్రలతో పొసగాలి. కోట బొమ్మకు ధర ఎక్కువ కనుక సాదా మూతకు తర్వాత బొమ్మ రేకు అతికిన సరుకు తిరుగుతుంటుంది: మూత లోపలి అంచున టంకం గీత కోసం చూడండి. నోటి ఆవిరి ఊదితే అతుకు ఒక్క క్షణం వేరే రంగులో తేలుతుంది. కీలు వదులైతే మూత పక్కకు జారి కూర్చుంటుంది. పాతపెట్టెలో బంగారు పూత మరీ కొత్తగా మెరుస్తుంటే మళ్లీ వేయించారేమో అడగండి. రసీదులో తయారీదారు, ఊరు, సంవత్సరం, మరమ్మతులు రాయించుకోండి.