రైతుబజారా, తోపుడుబండా, యాపా? బెజవాడలో కూరగాయలకు ఏది మేలు

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే లెక్కలో దేశంలోని పట్టణవాసి నెల ఖర్చు సగటున 6,459 రూపాయలు. అందులో కూరగాయలది 3.8 శాతం, అంటే మనిషికి సుమారు 245. నలుగురున్న ఇంటికి వెయ్యికి కాస్త తక్కువ. జాతీయ పోషకాహార సంస్థ మాత్రం మనిషికి రోజుకు 400 గ్రాములు తినమంటోంది. నలుగురికి నెలకు 48 కిలోలు! వెయ్యి రూపాయల్లో అన్ని రావాలంటే కిలో 21కి పడాలి. కాపు ముమ్మరంగా ఉన్నప్పుడు సొర, దోస, గుమ్మడి ఆ ధరకు దొరుకుతాయేమో గానీ బెండ, చిక్కుడు దొరకవు. అందుకే ఎక్కడ కొంటున్నామన్నది చిన్న విషయం కాదు.

పటమట, సింగ్‌నగర్, కేదారేశ్వరపేట రైతుబజార్లలో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద ఉంటుంది. టోకు ధరకు కొంచెం పైన, బయటి చిల్లర ధరకు కింద ఉండేలా నిర్ణయిస్తారు. కొనేముందు బోర్డు చూడండి, కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. అసలు లాభం ఏరుకోవడంలో ఉంది. బెండకాయ కొస విరిస్తే టప్పున తెగాలి, వంగితే ముదురు. వంకాయకు ముచ్చిక పచ్చగా ఉండాలి, చిన్న రంధ్రం కనిపించినా పక్కన పెట్టేయాలి. సొరకాయ తొక్కలో గోరు సులువుగా దిగాలి. కిలోలో పావుకిలో పుచ్చో ముదురో పోతే 40 రూపాయల వంకాయ 53కి పడినట్టే. నేను చూసే ధర అదే: బోర్డు మీద ఉన్నది కాదు, గిన్నెలోకి దిగినది.

అయితే రైతుబజారుకు వెళ్లిరావడానికీ ఖర్చవుతుంది. ఆటోకు రానూపోనూ 80 అయి, బండి ధరతో తేడా కిలోకు 8 రూపాయలే ఉంటే, పది కిలోలు కొన్నాకే ఆటో డబ్బులు వెనక్కి వస్తాయి. మూడు కిలోల కోసం ఆటో ఎక్కితే నష్టమే. బైకు మీదో నడిచో వెళ్లేవాళ్లకు, లేదా పక్కింటివాళ్లతో కలిసి వారానికోసారి తెచ్చుకునేవాళ్లకు ఇదే మేలు. తీరా తెచ్చాక ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో పోయకండి. దుంపల చెమ్మకు ఉల్లి కుళ్లుతుంది.

ఆకుకూరల దగ్గర మాత్రం నేను తోపుడుబండి వైపే. వారానికి సరిపడా గోంగూర తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే నాలుగో రోజుకే పండుబారుతుంది. పొద్దున్నే వీధిలోకి వచ్చిన బండి దగ్గర ఆ పూటకు రెండు కట్టలు చాలు. కట్ట ధర చూసి మోసపోకండి. ఆకు దూశాక గోంగూరలో చాలా బరువు కాడదే, కాబట్టి లావు కాడల పెద్ద కట్ట కన్నా లేత చిన్న కట్టలో ఎక్కువ ఆకు రావచ్చు. మే నెల ఎండలో పది దాటితే నీళ్లు చల్లి తాజాగా కనిపించేలా చేస్తారు. కట్ట మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, జిగటగా తగిలితే వద్దు. పెద్దవాళ్లు ఇద్దరే ఉన్న ఇంటికి మొత్తం బండి మీదే కొన్నా తప్పు లేదు. పావుకిలో చొప్పున తెచ్చుకుంటే పారేసేది ఉండదు, పైగా తెలిసిన బండి అయితే కరివేపాకు కొసరు కూడా వస్తుంది.

యాప్ గురించి చెప్పేది తక్కువే. డెలివరీ, హ్యాండ్లింగ్ రుసుములు కలిపి చూడాలి, ప్యాకెట్ 500 గ్రాములో 400 గ్రాములో చదవాలి. ఏరుకునే వీలు ఉండదు. వానలో చుట్టాలు వచ్చినప్పుడు పనికొస్తుంది, రోజువారీ అలవాటుగా వద్దు.

నలుగురి ఇంటికి నా సలహా: దుంపలు, ఉల్లి, కంద, గుమ్మడి, దొండ, సొర వారానికోసారి రైతుబజారులో, ఆకుకూరలు, కొత్తిమీర బండి దగ్గర. ధరలు మండినప్పుడు రైతుబజారుకు మరో ఉపయోగం ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటిపోతే ప్రభుత్వం అక్కడే 50కి అమ్మించింది. క్యూలో నిలబడే తీరిక లేకపోతే పప్పులో టమాటా బదులు చుక్కకూర వేయండి, చారుకు చింతపండు ఎలాగూ ఉంది.