నింజా గైడెన్‌లోని గద్ద: ఏళ్ల తరబడి ఆడాక

నింజా గైడెన్ అనే వీడియో గేమ్ కథ గురించి, మధ్యమధ్య వచ్చే సినిమా తరహా దృశ్యాల గురించి, గోడలకు అతుక్కునే దాని నింజా హీరో ర్యూ హయబూసా గురించి ఇప్పటికే కావలసినంత రాశారు. 1988లో టెక్మో కంపెనీ తెచ్చిన ఈ ఆటను నేను బడి రోజుల నుంచి ఆడుతున్నాను. నా ఫిర్యాదంతా ఒక్క గద్ద మీదే.

ఒక్క కత్తి వేటుకు చస్తుంది. అది తగిలితే తగ్గే ప్రాణశక్తి సంగతి అటుంచండి. కానీ తగిలిందంటే ర్యూ వెనక్కి ఎగిరిపడతాడు. ఆ క్షణంలో ఏ బటన్ నొక్కినా లాభం లేదు. వెనుక గొయ్యి ఉంటే శక్తి నిండుగా ఉన్నా ప్రాణం పోయినట్టే. పైగా గద్ద తిన్నగా రాదు. ర్యూను దాటిపోయి, వేగం తగ్గించుకుని, మళ్లీ కూడదీసుకుని వెనుక నుంచి వస్తుంది. ఈ రాకపోకలకు ఒక లయ ఉందనీ, మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు కొడితే పని అయిపోతుందనీ, ఇంత న్యాయమైన శత్రువు మరో ఆటలో లేదనీ స్నేహితులకు చెబుతూ వచ్చాను.

అసలు బాధ చంపాక మొదలవుతుంది. తెర ఒక నిర్ణీత చోటు దాటగానే శత్రువు పుట్టేలా ఆటను రాశారు. గద్దను చంపి, దూకడానికి వీలు చూసుకుందామని అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకు వస్తే అదే గద్ద అదే ఎత్తులో సిద్ధం. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్టల చుట్టూ తిరిగే గద్ద కూడా ఒకటి తన్నుకుపోయాక కాసేపు ఊరుకుంటుంది. దీనికి ఆ మర్యాద లేదు.

ఒక వేసవి సెలవుల సాయంత్రం నాకు ఇంకా మానని గాయం. పూర్ణా మార్కెట్‌లో కొన్న నకలు వీడియో గేమ్ సెట్టు, సముద్రపు గాలికి లోహపు కాళ్లు పచ్చబడిపోతే రబ్బరుతో రుద్ది పెట్టిన గేమ్ క్యాసెట్టు. ఆటలో అంత దూరం వెళ్లడం నాకు అదే మొదలు. 6-2లో, అంటే ఆరో అంకం రెండో భాగంలో, ఇరుకు గట్లు, ప్రతి గట్టు అంచున ఎవడో ఒకడు కాపలా, దూకే వేళకు సరిగ్గా గద్ద. వెనక్కి తగ్గకుండా, దాన్ని నరికీ నరకగానే దూకేస్తే మళ్లీ పుట్టదని అప్పుడే పట్టుబడింది. అలా చివరి పోరాటం దాకా వెళ్లి ఓడిపోయాను. ఓడిపోతే ఆ గుమ్మం దగ్గరే మళ్లీ మొదలవుతుందనుకుంటాం కదా. కాదు, 6-1కి విసిరేస్తుంది. అంటే ఆ గద్దలన్నీ మళ్లీ. పళ్లు కొరుక్కుంటూ 6-2కి చేరి, ఆ గట్ల మీదే ఉండగా కరెంటు పోయింది. ఈ ఆటలో ఎక్కడి దాకా వచ్చామో దాచుకునే వీలు లేదు, పాస్‌వర్డు కూడా లేదు. "పోనీలేరా, రేపు ఆడుకుందువుగాని" అంది అమ్మ, విసనకర్ర అందిస్తూ. రేపంటే మొదటి అంకం నుంచి అని ఆమెకెలా తెలుస్తుంది?

ఈ మధ్య మేనల్లుడు నింటెండో స్విచ్‌తో మా ఇంటికి వచ్చాడు. అందులో ఇదే ఆట. మొదలవగానే సంగీతం తరుముతున్నట్టు వినిపించింది. గద్ద కూడా నాకు తెలిసిన గద్ద కాదు. అప్పటి మన టీవీలది సెకనుకు 50 సార్లు బొమ్మ గీసే పద్ధతి. ఆటను రాసింది 60 లెక్కన. దాన్ని 50తో నడిపే నకలు సెట్లలో మనుషులు, పక్షులు, పాట అన్నీ ఆరింట ఒక వంతు మెల్లబడతాయి. మా సెట్టుదీ ఆ నడకే. కాబట్టి 'న్యాయమైన శత్రువు' అన్న నా మాటను పూర్ణా మార్కెట్ సెట్ల వరకే తీసుకోండి. లయ ఉంది, కానీ అసలు వేగంలో దాన్ని పట్టుకోవడానికి దొరికే సందు చాలా సన్నం. నా వేళ్లు కూడా అప్పటివి కావు.

మేనల్లుడికి ఈ గొడవే లేదు. "మామయ్యా, ఈ రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకో" అని చూపించాడు. ఆట వెనక్కి తిరిగింది, గొయ్యిలో పడ్డ ర్యూ పైకి లేచాడు. పనికొచ్చే ఏర్పాటే, కాదనను. నేను రెండు గట్ల వరకు వాడుకుని మానేశాను. అలా దాటితే గద్ద మీద కోపం తీరలేదు.

కొత్తగా ఆడాలనుకునేవారికి ఆటను సిఫారసు చేస్తాను, ఆరో అంకాన్ని మాత్రం చేయలేను. ఉద్యోగం, పిల్లలు ఉండి రాత్రి అరగంట దొరికేవారైతే మొహమాటం లేకుండా వెనక్కి తిప్పుకోండి. సెలవులున్న పిల్లలైతే మామూలుగానే ఆడి చూడండి, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే.