క్యోటోలో రెండు గంటల ఆర్కిడ్ క్లాసు

పోయిన శనివారం క్యోటోలో ఒక చిన్న సుమి (జపాన్ సిరా) చిత్రలేఖనం క్లాసుకు వెళ్లొచ్చాను. రెండు గంటలకు 5,500 యెన్‌లు. నేర్పేది ఒక్క ఆర్కిడే, అదీ నల్ల సిరాతోనే. రంగులు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

మొదటి పావుగంట సిరా నూరడంతోనే సరిపోయింది. రాతి పలక మీద కాసిని నీళ్లు వేసి, సిరా కడ్డీని గంధం అరగదీసినట్టు మెల్లగా తిప్పాలి. ఎవరూ మాట్లాడలేదు. కర్పూరం లాంటి వాసన గదంతా పట్టేసింది.

తర్వాత ఆకులు. ఒక్క ఆకులోనే మొదలు మేకు తల, నడుమ గొల్లభామ పొట్ట, కొస ఎలుక తోక. కుంచె ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేల్చాలో ఈ పేర్లే చెప్పేస్తాయి. రెండో ఆకు మొదటిదాన్ని దాటి వెళ్తే మధ్యలో కన్నులాంటి ఖాళీ మిగులుతుంది. దాన్ని ఫీనిక్స్ కన్ను అంటారు. మూడో ఆకు ఆ కన్నును చీల్చుకుంటూ పోవాలి. పువ్వు నడిమి చుక్కలు 'మనసు' అనే చైనా అక్షరంలా పడాలి. చైనాలో 1701లో అచ్చయిన చిత్రలేఖన పాఠాల్లో ఆర్కిడ్, వెదురు, ప్లమ్, చామంతి ఉన్నాయి. ఇకె నో తైగా లాంటి జపాన్ చిత్రకారులు అలాంటి చైనా పుస్తకాలు చూసే చేయి దిద్దుకున్నారు.

నాకు బాగా పట్టుకుంది మాత్రం సెన్సే, అంటే మా గురువు, చూపించిన ఒక ప్రింట్. చైనా చిత్రకారుడు ఝెంగ్ సిషియావో 1306లో గీసిన ఆర్కిడ్ అది. మొక్క కింద మట్టి లేదు. చైనాలోని తన సాంగ్ రాజ్యం మంగోలుల చేతిలోకి పోయింది, ఇక నేలెక్కడిది అని ఆయన నేలే గీయలేదట. అసలు బొమ్మ ఒసాకా మునిసిపల్ లలితకళల మ్యూజియంలోనే ఉందని విని ఒళ్లు జలదరించింది. మూడేళ్లుగా ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నాను మరి.

లోపాలూ ఉన్నాయి. పది మందికి ఒక్కరే సెన్సే, నా దగ్గరికి రెండుసార్లే రాగలిగారు. ఇచ్చిన కాగితంలో అంతా జపనీసే. చదవడం రానివాళ్లు తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాషి అనే జపాన్ కాగితాలు ఐదే ఇస్తారు, ఇంకో ఐదు ఇస్తే బాగుండేది.

రెండోసారి వచ్చినప్పుడు సెన్సే నా మోచేయి పట్టుకుని పైకి లేపారు. అప్పటిదాకా మణికట్టుతో గీస్తున్నాను, కదలాల్సింది భుజం. నాలుగో కాగితం మీద మూడో ఆకు ఆ కన్నులోంచి ఆగకుండా వెళ్లిపోయింది. ఇంటికి తెచ్చుకున్నది ఆ కాగితమొక్కటే.